కిలోమీటర్లు చెప్పండి, కారు సంగతి మేం చెబుతాం

చెన్నై పాఠకులు ఈ నెల కార్ల మీద రాసిన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చాయి. ఏడు లక్షల్లో చిన్న పెట్రోల్ కారు తీసుకోవాలా, అప్పు చేసైనా హైబ్రిడ్డో (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు మోటారు, బ్యాటరీ ఉండే బండి) ఎలక్ట్రిక్కో కొనాలా అని. కింది లెక్కలన్నిటికీ పెట్రోల్ లీటరు 101 రూపాయలు, సీఎన్‌జీ కిలో 91 రూపాయలు అనుకున్నాం. కరెంటుకి మాత్రం తమిళనాడులో 2024 జులైలో పెరిగిన ఇంటి రేట్లు వాడాం. మీ చేతికొచ్చే నాటికి రేటు మారితే అంకె మార్చి మళ్లీ లెక్కేసుకోండి, పద్ధతి మారదు.

ప్ర: అంబత్తూరు నుంచి గిండీకి రోజూ ఆఫీసుకి వెళ్లొస్తాను, నెలకి వెయ్యి కిలోమీటర్లు. చిన్న పెట్రోల్ కారు ఆన్‌రోడ్ 7 లక్షలు, చిన్న ఎలక్ట్రిక్ 10 లక్షలు, స్ట్రాంగ్ హైబ్రిడ్ 20 లక్షలు చెబుతున్నారు. ఏది గిట్టుబాటు? (అంబత్తూరు పాఠకుడు)

జ: ముందు హైబ్రిడ్ సంగతి తేల్చేద్దాం. వెయ్యి సీసీ చిన్న కారుకి కంపెనీ కాగితం మీద లీటరుకు 24, 25 అని ఉంటుంది. ఏసీ వేసుకుని పాడి, తిరుమంగళం సిగ్నళ్లు దాటుకుంటూ పోతే 16 వస్తే గొప్ప. హైబ్రిడ్‌కి కాగితం మీద 27.97, మన రోడ్ల మీద 22 అనుకోండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లకి చిన్న కారు 750 లీటర్లు తాగుతుంది, అంటే 75,750 రూపాయలు. హైబ్రిడ్ 545 లీటర్లు, 55 వేల చిల్లర. మిగిలేది ఏడాదికి ఇరవై వేల పైచిలుకు. ధరలో తేడా 13 లక్షలు. పెట్రోల్ మిగులుతో ఆ తేడా తీరాలంటే అరవై ఏళ్లు దాటుతుంది, అంటే మీ మనవడు తీర్చాలి. పెద్ద కారు కావాలి, వెనక ముగ్గురు హాయిగా కూర్చోవాలి, డిక్కీ కావాలి అంటే హైబ్రిడ్ కొనండి. పెట్రోల్ మిగులుతుందని చెప్పి మాత్రం కొనకండి.

ఈ తేడాలో పన్నుల వాటా కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కారు మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు సెస్‌తో కలిపి 29 ఉండేది. 1490 సీసీ ఇంజిన్‌తో నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కి 40 శాతం, ఎలక్ట్రిక్‌కి 5 శాతం. చిన్న కారుకి ఇంకో చిన్న లాభం ఇన్సూరెన్సులో. వెయ్యి సీసీ లోపు కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేట్లలో 6,521 రూపాయలు, వెయ్యి దాటి 1500 లోపు ఉంటే 10,640. 

అసలు పోటీ చిన్న పెట్రోల్‌కీ చిన్న ఎలక్ట్రిక్‌కీ మధ్యనే. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారు ఊళ్లో గోడ సాకెట్ నుంచి లాగే ఒక్కో యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల దాకా నడుస్తుంది. ఛార్జింగ్‌లో వేడిగా పోయేది తీసేశాకే ఈ ఏడు. నెలకి వెయ్యి కిలోమీటర్లంటే 143 యూనిట్లు, రెండు నెలల బిల్లులో 286.

చాలామంది తప్పేది ఇక్కడే. "మాకు యూనిట్ 4.70 కదా" అని గుణించేస్తారు. రెండు నెలలకి 400 యూనిట్లు వాడే ఇంటికి మొదటి 100 ఉచితం, తర్వాతి 100కి 2.35, ఆ పై 200కి 4.70, బిల్లు 1,175. దానికి కారు 286 కలిపితే 686 అవుతుంది. 500 దాటిన ఇంటికి ఆ 2.35 రాయితీ పోతుంది, 101 నుంచి 400 దాకా అంతా 4.70. ఆ పై వందకి 6.30, ఇంకో వందకి 8.40, మిగతా 86కి 9.45. బిల్లు 3,693. అంటే కారు తెచ్చిన అదనం 2,518, యూనిట్‌కి 8.80 పడినట్టు. కిలోమీటరుకి రూపాయి పావలా. ఏడాదికి 15 వేలు.

అయినా పెట్రోల్‌తో పోలిస్తే ఏడాదికి 60 వేలు మిగులు. ధరలో తేడా మూడు లక్షలు, అంటే అయిదేళ్లు. ఆ మూడు లక్షలూ తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు అయితే వడ్డీయే 73 వేలు దాటుతుంది, ఆరేళ్లు పైన పడుతుంది. మీరు నెలకి 1,800 కిలోమీటర్లు తిరిగేవారైతే మిగులు ఏడాదికి లక్ష దాటి, మూడేళ్లు తిరగకుండానే తేడా తీరిపోతుంది. వెయ్యి దగ్గర మాత్రం త్రాసు అటూ ఇటూ ఊగుతుంది. సొంత పార్కింగ్, అక్కడిదాకా సొంత మీటరు తీగ ఉంటే ఎలక్ట్రిక్, లేకపోతే చిన్న పెట్రోల్ అని చెబుతాం.

మీరు అడగని నాలుగో దారి ఒకటుంది. కంపెనీ బిగించిన సీఎన్‌జీ చిన్న కారు ఊళ్లో కిలోకి 25 కిలోమీటర్లు ఇస్తుంది, కిలోమీటరుకి 3.64. ఏడాదికి 44 వేల లోపు. పెట్రోల్ బండి కంటే 90 వేలు ఎక్కువ పెట్టినా మూడేళ్లలో తీరుతుంది. డిక్కీ పోతుంది, బంకులో క్యూ ఉంటుంది, మూడేళ్లకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో బలం చూసే పరీక్ష) చేయించాలి. ఎక్కుడు ఫ్లైఓవర్ మీద నలుగురు కూర్చుంటే బండి ఈడుస్తుంది. ఇవి ఓర్చుకోగలిగితే దారి మంచిదే.

చిన్న కారుకి అసలు లోపం మైలేజీ కాదు, గుద్దుకుంటే నిలబడే బలం. 2023లో కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలకి ఆల్టో కే10కి పెద్దల భద్రతలో 2 నక్షత్రాలు, వ్యాగన్ ఆర్‌కి 1 నక్షత్రం వచ్చాయి. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులు పెరిగాయి, బాడీ గట్టితనం వేరే సంగతి. హైవే ఎక్కువగా తిరిగేవారు ఇంకో లక్ష వేసి నక్షత్రాలున్న బండి తీసుకోవడం మైలేజీ లెక్కలన్నిటికంటే ముందు చూడాల్సిన విషయం.

ప్ర: వేళచ్చేరి అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. కింద పార్కింగ్‌లో 15 ఆంపియర్ల సాకెట్‌కి కారు తగిలిస్తున్నాం. నెల తిరక్కుండానే సాకెట్ నల్లబడింది, వాసన వస్తోంది. ఎలక్ట్రీషియన్ సాకెట్ మార్చి పోయాడు, మళ్లీ అదే. ఛార్జర్ లోపమా?

జ: ఛార్జర్‌ది కాదు, తీగదీ బిగింపుదీ. గీజర్ కూడా ఇంతే కరెంటు లాగుతుంది కానీ పావుగంటలో ఆగిపోతుంది. కారు పద్నాలుగు పదిహేను ఆంపియర్లు ఎనిమిది తొమ్మిది గంటలు ఏకబిగిన లాగుతుంది. స్క్రూ కింద తీగ కాస్త వదులుగా ఉంటే అక్కడ వేడి పుడుతుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, ఇంకా వేడి. తెల్లారేసరికి ప్లాస్టిక్ పొంగుతుంది. కొత్త సాకెట్ పెట్టినా పాత కాలిన తీగ కొసే మళ్లీ బిగించి ఉంటారు. నల్లబడిన రాగి ఎంత బిగించినా సరిగ్గా అంటదు. మెరుపు కనిపించేదాకా, నాలుగైదు అంగుళాలైనా కత్తిరించి బిగించాలి.

సరిగ్గా చేయించాలంటే: మీ ఫ్లాట్ మీటరు నుంచి పార్కింగ్ దాకా విడిగా ఒక లైను, మధ్యలో ఏ లైటూ ఫ్యానూ తగిలించకుండా. తీగ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి. 2.5తో కూడా నడుస్తుందనే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. ముప్పై మీటర్ల లైనులో 2.5 తీగ ఆరు వోల్టులకు పైగా మింగుతుంది, 4 అయితే నాలుగు చుట్టూ. సాయంత్రం వోల్టేజీ పడిపోయే పేటలో ఆ తేడా తెలుస్తుంది, పైపులో నలిగిన తీగ వేడెక్కడమూ తగ్గుతుంది. తీగ కొసలకి లగ్గులు (నొక్కి బిగించే లోహపు తొడుగులు) పెట్టి బిగించమనండి. మీటరు దగ్గర 16 ఆంపియర్ల సి టైప్ ఆర్‌సీబీఓ (లోడు మించినా, కరెంటు లీకైనా దానంతటదే ఆపేసే బ్రేకరు), లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లది. అది ఎండాకాలంలో మధ్యమధ్య పడిపోతోందని దాని బదులు 25 ఆంపియర్లది పెట్టేస్తారు. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు, అప్పుడు కాలేది సాకెట్టే. కరెంటు తగ్గించుకునే వీలున్న ఛార్జరైతే 10 ఆంపియర్లకి పెట్టుకోండి, రాత్రికి అదే సరిపోతుంది.

ఎర్తింగ్ చూడకుండా డబ్బులివ్వకండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే మూడు వోల్టుల లోపు ఉండాలి. పది, పదిహేను చూపిస్తే చాలా ఛార్జర్లు ఎర్రలైటు వేసి మొండికేస్తాయి. దాన్నే "ఛార్జర్ పాడైంది" అని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్తారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కరాత్రికి కూడా వద్దు. మీది వేళచ్చేరి కాబట్టి సాకెట్ మామూలు ఎత్తులో కాకుండా, వాన నీళ్లు ఎక్కిన పాత గీత కంటే పైన, కనీసం అయిదడుగుల ఎత్తున పెట్టించండి.

అంతా అయ్యాక మొదటి రాత్రి ఛార్జింగ్ పెట్టిన గంటకి ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత వేడి ఉంటే అప్పుడే ఆపేయండి.

7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ కావాలంటే లెక్క వేరు. 32 ఆంపియర్లు, కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, దూరం ఇరవై మీటర్లు దాటితే 10, పైన 40 ఆంపియర్ల ఆర్‌సీబీఓ. ముందు బిల్లు మీద మంజూరైన లోడ్ ఎంతో చూసి, చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి. రోజుకి నలభై కిలోమీటర్లు తిరిగే వాళ్లకి ఇంత హంగు అక్కర్లేదు. ఆరు యూనిట్లు నింపడానికి మామూలు సాకెట్‌కి రెండు మూడు గంటలు చాలు.

ప్ర: రిటైరయ్యాను, ముగప్పేర్‌లో ఉంటాం. గుడికి, ఆస్పత్రికి, పిల్లల ఇంటికి, నెలకి 300 కిలోమీటర్లు మించదు. మా అబ్బాయి ఎలక్ట్రిక్ కొనమంటున్నాడు.

జ: మీకు ఏడాది పెట్రోల్ 225 లీటర్లు, 23 వేల లోపు. కరెంటు బండి కొంటే అందులో మిగిలేది ఇరవై వేల చుట్టూ. అందుకోసం మూడు లక్షలు అదనంగా పెట్టక్కర్లేదు. చిన్న ఆటోమేటిక్ పెట్రోల్ కారు తీసుకోండి. అబ్బాయి డబ్బు పెడతానంటే మాత్రం కాదనకండి, నడపడానికి ఎలక్ట్రిక్ అంత సుఖం మరోటి లేదు.

తక్కువ తిరిగే బండికి ఒక జాగ్రత్త. ఎలక్ట్రిక్, హైబ్రిడ్, పెట్రోల్ ఏదైనా లోపల మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. మూడు నాలుగు వారాలు కదపకపోతే అది దిగిపోతుంది, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా రిమోట్‌కి కారు తలుపు కూడా తెరుచుకోదు. వారానికోసారి అరగంట తిప్పండి.

ప్ర: డీలర్ "హైబ్రిడ్ సార్" అంటున్నాడు. ధర మాత్రం పక్క షోరూం హైబ్రిడ్ కంటే మూడు లక్షలు తక్కువ. ఏమిటి మతలబు?

జ: మతలబు "మైల్డ్" అన్న మాటలో ఉంది, డీలర్ ఆ మాట మింగేసి ఉంటాడు. మైల్డ్ హైబ్రిడ్‌లో ఆల్టర్నేటర్ స్థానంలో బెల్టుతో తిరిగే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు కాస్త కరెంటు పట్టి, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ని చప్పుడు లేకుండా లేపి, వేగం అందుకునేటప్పుడు ఓ చెయ్యి వేస్తుంది. అంతే. బండిని ఒంటరిగా కదపలేదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరే జాతి. గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో 1490 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, దానికి తోడు బండిని లాగే మోటారు, 177.6 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటాయి. ఆ బ్యాటరీ సైజు ఎంతంటే 0.76 యూనిట్లు. ముక్కాలు యూనిట్ అన్నమాట! పైగా బ్యాటరీ ఆయుష్షు కోసం అందులో సగం దాకానే వాడనిస్తుంది. ట్రాఫిక్‌లో నిలబడి ఏసీ ఒక కిలోవాట్ లాగితే ఇరవై నిమిషాల్లో ఇంజిన్ లేచి మళ్లీ నింపుకుంటుంది. "ఊళ్లో అంతా బ్యాటరీ మీదే నడుస్తుంది" అనే మాటకి అర్థం ఇంతవరకే. అయినా ఆగుతూ కదులుతూ పోయే మౌంట్ రోడ్డు మీద ఈ చిన్న బ్యాటరీయే కాస్త నిండుతూ కాస్త ఖాళీ అవుతూ పని కానిస్తుంది. బ్రేకులో వేడిగా పోవాల్సింది చక్రానికే తిరిగొస్తుంది. హైవే మీద బ్రేకే వేయరు కాబట్టి లాభమూ తగ్గుతుంది.

టెస్ట్ డ్రైవ్‌లో తేల్చుకోవడం తేలిక. బటన్ నొక్కితే "రెడీ" అని మీటరు మీద పడి ఇంజిన్ చప్పుడు లేకుండా బండి కదిలి పార్కింగ్ దాటితే స్ట్రాంగ్. ఇంజిన్ లేవందే కదలకపోతే మైల్డ్. స్ట్రాంగ్‌లో బానెట్ ఎత్తితే నారింజ రంగు మందపాటి కేబుళ్లు కనిపించాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగాక ఏసీ గాలి మెల్లగా వేడెక్కుతోందంటే కంప్రెసర్ ఇంజిన్ బెల్టు మీద ఉన్నట్టు, అది మైల్డే.

ఒకే మోడల్లో పెట్రోల్ ఆటోమేటిక్‌కీ స్ట్రాంగ్‌కీ మూడు లక్షల తేడా అయితే అప్పుడు లెక్క వేయడంలో అర్థం ఉంది. ఊళ్లో 12 ఇచ్చే ఆటోమేటిక్‌తో పోలిస్తే 22 ఇచ్చే హైబ్రిడ్ ఏడాదికి 12,000 కిలోమీటర్లకి 46 వేలు మిగులుస్తుంది, ఆరున్నరేళ్లు. 24,000 తిరిగితే మూడుంపావు ఏళ్లు. కొన్నాక ఒక చిన్న పని మరవకండి. గాలితో చల్లబడే హైబ్రిడ్ బ్యాటరీలకి ఆ గాలి కేబిన్ నుంచే పోతుంది. వెనక సీటు పక్క ఉండే జాలీకి అడ్డంగా సంచులు, దిండ్లు పెట్టకండి. అక్కడ దుమ్ము కట్టి ఫ్యాను గోల చేస్తుంటే సర్వీసులో శుభ్రం చేయించండి, ఆ ఉక్కకే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

ప్ర: మాది మడిప్పాక్కం. 2023 డిసెంబర్ మిచౌంగ్ తుపానులో మా పెట్రోల్ కారు మునిగింది. వరదకి ఎలక్ట్రిక్ మంచిదంటున్నారు, నిజమా?

జ: సగం నిజం. వీధిలో అడుగు, అడుగున్నర నీళ్లలో మెల్లగా దాటడానికి ఎలక్ట్రిక్కే మెరుగు. దానికి గాలి పీల్చే గొట్టం లేదు. పెట్రోల్ ఇంజిన్ ఆ గొట్టంలోంచి నీళ్లు తాగితే సిలిండర్లో నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోవడమే ఇంజిన్‌కి చావు. మామూలు ఇన్సూరెన్సు వరద నష్టం ఇస్తుంది గానీ, నీళ్లలో స్టార్ట్ చేసి చెడగొట్టుకున్న ఇంజిన్‌కి ఇవ్వదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. చెన్నైలో ఉంటూ అది వదిలేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఎలక్ట్రిక్ బ్యాటరీకి ఐపీ67 అని రాసి ఉంటుంది. మీటరు లోతులో అరగంట మునిగినా లోపలికి నీరు పోదని దాని అర్థం. రెండు రోజులు మురుగునీళ్లలో నానినా ఫర్వాలేదని కాదు. మునిగిన ఎలక్ట్రిక్‌ని ఆన్ చేయకండి, ఛార్జింగ్ అస్సలు పెట్టకండి. లోపల తుప్పు పట్టి కొన్ని రోజుల తర్వాత కూడా మంట లేవవచ్చు. అందుకే ఇంటి గోడకి దూరంగా, ఆరుబయట పెట్టి, నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ మీదే సర్వీస్ సెంటర్‌కి పంపాలి. అక్కడ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (పెద్ద వోల్టేజీ కరెంటు బాడీలోకి కారుతోందా అని) కొలిచాకే మిగతా మాటలు. పాలసీలో బ్యాటరీ కవరు ఉందో లేదో వానాకాలం ముందే చూసుకోండి.

హైబ్రిడ్‌కి రెండు కష్టాలూ ఉన్నాయి, గాలి గొట్టమూ ఉంది, పెద్ద వోల్టేజీ బ్యాటరీ కూడా ఉంది.

పెట్రోల్ బండి మునిగితే మొదట 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. తోసుకుని గానీ కట్టుకుని గానీ తీసుకెళ్లాక మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. డిప్‌స్టిక్ మీద నూనె పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు కలిసినట్టే, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, గేర్ ఆయిల్ అన్నీ మార్చాల్సిందే, కొన్ని కిలోమీటర్లు తిప్పి మళ్లీ ఒకసారి. కార్పెట్ రెండు మూడు రోజుల్లో ఆరబెట్టకపోతే దాని కింద ఉండే వైరింగ్ కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి, ఆ జబ్బు ఆర్నెల్ల తర్వాత బయటపడుతుంది. వీటన్నిటికంటే చవకైన వైద్యం మీ పేట వాళ్లకి తెలిసిందే. తుపాను హెచ్చరిక రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా నిలిపిన కార్లు చూసి నవ్వినవాళ్లే తర్వాత చోటు కోసం వెతుక్కున్నారు.

ప్ర: నెలకి రెండుసార్లు నెల్లూరు వెళ్లాలి. 24 యూనిట్ల చిన్న ఎలక్ట్రిక్ సరిపోతుందా?

జ: ఊళ్లో 190, 200 కిలోమీటర్లు ఇచ్చే బండే జాతీయ రహదారి 16 మీద ఏసీతో 90లో పోతే 160 దగ్గర చేతులెత్తేస్తుంది. గాలిని చీల్చుకుపోవడానికి కిలోమీటరుకి పట్టే శక్తి వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. నెల్లూరు 175 కిలోమీటర్లు. కాబట్టి దారిలో ఒక ఆగుడు తప్పదు. సూళ్లూరుపేట, నాయుడుపేట మధ్య పెట్టుకోండి. గూడూరు దాకా లాగి అక్కడ ఛార్జర్ పనిచేయకపోతే వెనక్కీ పోలేరు, ముందుకీ పోలేరు. 40 శాతం ఉండగానే ఆగి, 80 కాగానే బయల్దేరండి. 80 దాటాక వేగం బాగా తగ్గిపోతుంది, చివరి ఇరవై శాతం కోసం మొదటి యాభైకి పట్టినంత సేపు కూర్చోబెడుతుంది.

ఖర్చు కూడా ఇంటి లెక్కలో ఉండదు. దారిలో ఫాస్ట్ ఛార్జింగ్ యూనిట్ ఇరవై రూపాయలు దాటుతుంది, కిలోమీటరుకి మూడు పైన. హైవే మీద చిన్న పెట్రోల్ కారు 20 ఇస్తుంది, కిలోమీటరుకి 5.05. సీఎన్‌జీ అయితే మూడున్నర చుట్టూ. అంటే ఇంటి ఛార్జింగ్‌తో దక్కిన లాభంలో చాలా భాగం హైవే మీద కరిగిపోతుంది. ఇల్లు, ఆఫీసు తిరుగుడు ఎక్కువై నెల్లూరు నెలకి రెండుసార్లే అయితే ఈ ఇబ్బంది ఓర్చుకోవచ్చు. వారం వారం ఒంగోలు దాకా పోయేవారికి చిన్న ఎలక్ట్రిక్ చెప్పం.

బ్యాటరీని కొనకుండా అద్దెకి తీసుకునే పథకాల గురించి కూడా అడిగారు. ఎంజీ కామెట్‌ని 2024 సెప్టెంబర్‌లో 4.99 లక్షలకి, పైన కిలోమీటరుకి 2.50 అద్దెతో పెట్టారు. ఏడాదికి 12,000 తిరిగితే అద్దె 30 వేలు, కరెంటు 15 వేలు, మొత్తం 45 వేలు. సంతకం పెట్టే ముందు ఒప్పందంలో కనీస కిలోమీటర్ల షరతు వెతకండి. నెలకి 1,500 తప్పనిసరి అని ఉంటే మీరు 600 తిరిగినా 3,750 కట్టాల్సిందే, తక్కువ తిరిగేవాడికి అది తడిసి మోపెడవుతుంది.

ప్ర: కరెంటు ఎన్నూరు బొగ్గు నుంచే కదా వచ్చేది. ఇక ఎలక్ట్రిక్‌తో గాలికి ఒరిగేదేమిటి?

జ: లెక్క వేస్తే మీ అనుమానంలో పస ఉంది. దేశం మొత్తం సగటున ఒక యూనిట్ కరెంటుకి 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు పోయే కారుకి కిలోమీటరుకి 103 గ్రాములు. లీటరు పెట్రోల్ కాలిస్తే 2.31 కిలోలు. ఊళ్లో 22 ఇచ్చే హైబ్రిడ్‌కి 105 గ్రాములు, 16 ఇచ్చే చిన్న కారుకి 144. కాబట్టి ఈ రోజున ఎలక్ట్రిక్, హైబ్రిడ్ దాదాపు సమానం. బ్యాటరీ తయారీలోనే టన్నున్నర నుంచి రెండు టన్నుల పైన పుడుతుంది, చిన్న పెట్రోల్ కారుతో పోలిస్తే ఆ బాకీ తీరడానికి ఏడాదికి 12,000 తిరిగే వారికి మూడు నుంచి అయిదేళ్లు. నెలకి 300 తిరిగే ముగప్పేర్ పెద్దాయనకి పదేళ్లు దాటినా తీరదు.

తేడా ఎక్కడంటే, పెట్రోల్ కారు పదేళ్ల తర్వాత కూడా అదే 144 వదులుతుంది. గాలిమరలు, సోలార్ పెరిగే కొద్దీ ఎలక్ట్రిక్ అంకె దానంతటదే దిగుతుంది. ఇక సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చున్న పిల్లవాడి ముక్కు కింద వచ్చే పొగ సంగతి గ్రాముల లెక్కకి అందదు.

ప్ర: 2013 చిన్న కారు బాగానే నడుస్తోంది. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాడవుతుందని కొత్తది కొనమంటున్నారు.

జ: దాని కోసమే అయితే కొనకండి. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు ఈ పెట్రోల్‌కి తగ్గట్టు చేసినవి, మీది కాదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, అది సహజం. చూడాల్సింది రబ్బరు. పెట్రోల్ హోసులు, ఇంజెక్టర్ల ఓ రింగులు, ట్యాంకు మూత వాషరు పన్నెండేళ్లకి ఎలాగూ గట్టిపడి ఉంటాయి, మార్చేయండి. పెట్రోల్ ఫిల్టర్ కూడా. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మన ఉప్పుగాలి ఊళ్లో ట్యాంకు అడుగంటేదాకా ఉంచి నెలల తరబడి నిలిపితే లోపల తుప్పు మొదలవుతుంది. సగం పైన నింపి ఉంచండి. పొద్దున్నే స్టార్టింగ్ మొండికేసినా, బానెట్ దగ్గర పెట్రోల్ వాసన వచ్చినా అదే రోజు హోసులు చూపించండి, వాసనతో నడపకండి.